నూటికి అరవై

శంషాబాద్,
ఫిబ్రవరి 21

అరుణా,

నువ్వు విశాఖ చేరావని బావగారు మీ వదినకు ఫోన్ చేసి చెప్పారట. సంతోషం. నీకు పెళ్ళయిన కొత్తలో రాశాక మళ్ళీ ఇప్పుడే నీకు ఉత్తరం రాయడం. చేతిరాత చూసి నవ్వకు. ఫోన్‌లో మాట్లాడదామంటే నా మాట నాకే అర్థం కావడం లేదు. సగం దవడ తీసేశాక "ప" అనబోతే ఉమ్మి వస్తోంది, "ర" అనబోతే అదీ రావడం లేదు. వాట్సాప్‌లో రాయమంటావేమో. ఆ ఫోన్ పొద్దున్నుంచి దుకాణంలో గల్లా పక్కనే ఉంటుంది. డ్రైవర్లు స్కాన్ చేసి డబ్బు కొట్టినప్పుడల్లా అది అరవాలి కదా. పైగా అందులో ఏం రాసినా మీ వదిన రేఖ చదువుతుంది. ఇది ఆమె చదవకూడదు.

నువ్వు ఇక్కడున్నన్ని రోజులూ నాకు కట్లు ఉన్నాయి. ఇప్పుడు విప్పారు. ఎడమ బుగ్గ లోపలికి పోయింది. మీసం మొత్తం గీసేశారు. ఛాతీ మీది చర్మం తెచ్చి నోట్లో కుట్టారు కదా, ఆ చర్మానికి తాను ఇంకా ఛాతీ మీదే ఉన్నానని భ్రమ. నోట్లో వెంట్రుకలు మొలుస్తున్నాయి. నవ్వొచ్చిందా? మొదటిరోజు నాకూ నవ్వే వచ్చింది. మర్నాడు గోడకున్న అద్దం తీసి లోపలి గదిలో పెట్టమన్నాను.

చూడటానికి వచ్చేవాళ్ళకు కొదవ లేదు. మొన్న మహేశ్వరం నుంచి అనంతమ్మ చిన్నమ్మ వచ్చింది. నమలలేని వాడికి సంచెడు ఆపిల్ పండ్లు తెచ్చింది. మంచం పక్కన కూర్చుని, "ఏం తిన్నవ్ కొడుకా, గింత పెద్ద రోగం రానీకి?" అని అడిగింది. ఏం తిన్నానో ఆమెకు తెలియదా? నేను తిన్నదీ, ఇన్నేళ్ళు టాక్సీ అడ్డా పక్కన కూర్చుని వచ్చినవాడికల్లా అమ్మిందీ ఒకటే సరుకు, గుట్కా. తువాలు మొహం మీదికి లాక్కుని నిద్ర నటించాను. ఆమె వెళ్ళేదాకా తియ్యలేదు.

అసలు సంగతికి వస్తాను. కోసి తీసిన ముక్కను పరీక్షకు పంపిన రిపోర్టు వచ్చింది. డాక్టరు మంచివాడే కానీ ఏం అడిగినా "ధైర్యంగా ఉండండి" అంటాడు. నేనడిగింది ధైర్యం కాదు. నువ్వు దవాఖానలో చేసే పనే ఇది కదా, నోటి క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్ళలో ఎవరు ఎన్నాళ్ళు ఉంటారో లెక్క కట్టడం. రిపోర్టు జిరాక్స్ దీంతో పెడుతున్నాను. నా లెక్క కట్టి పంపు. ఉన్నది ఉన్నట్టు రాయి. బిడ్డ మనీషాకు ఇంటర్ పరీక్షలు, దానికి తెలియకూడదు.

మీ అన్న,
మల్లేశ్వర్

*

విశాఖపట్నం,
మార్చి 1

అన్నా,

నీ చేతిరాత చూసి నవ్వలేదు. వెంట్రుకల దగ్గర మాత్రం నవ్వాను, తర్వాత ఆఫీసు బాత్రూమ్‌లోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను.

నా పని నువ్వనుకున్నంత గొప్పది కాదు. ఆపరేషన్ చేయించుకుని వెళ్ళిన వాళ్ళ ఇళ్ళకు ఏడాదికోసారి ఫోన్ చేసి "ఎలా ఉన్నారండీ" అని అడుగుతాను. అవతల గొంతు కాసేపు ఆగిందంటే ఇక వినక్కర్లేదు. అలా వచ్చిన జవాబులన్నీ కంప్యూటర్‌లో చేరుస్తాం. వయసెంత, గడ్డ ఎంత లోతుకు పోయింది, మెడలోకి పాకిందా, కోసిన అంచుల్లో జబ్బు మిగిలిందా, ఇవన్నీ చూసి కొత్తగా వచ్చినవాళ్ళకు లెక్క కడతాం. అది జాతకం కాదన్నా. నీలాంటి వంద మంది ఏమయ్యారో చెబుతుంది. ఆ వందలో నువ్వెవరివో చెప్పదు.

నీ అంచులు శుభ్రంగా ఉన్నాయి, అది మంచి మాట. మెడలో ఒక గడ్డలోకి పాకింది, అది మంచి మాట కాదు. అన్నీ వేసి చూశాను. అయిదేళ్ళ తర్వాత కూడా బాగుండేవాళ్ళు నూటికి అరవై మంది.

రేడియేషన్ గురించి డాక్టరు ఏ రోజు రమ్మంటే ఆ రోజు వెళ్ళు. ఆలస్యం చేయకు.

ఇంకొకటి. దుకాణంలో ఆ సరుకు పూర్తిగా తీసేశారు కదా? వదినను ఫోన్‌లో అడిగితే కుక్కర్ కూస్తోందని పెట్టేసింది. నువ్వయినా రాయి.

నీ చెల్లెలు,
అరుణ

*

శంషాబాద్,
మార్చి 15

లెక్కల టీచరమ్మకు,

అరవై అంటే ఫస్ట్ క్లాస్ కదే! ఈ ముక్క నీకు తట్టలేదా? పదో తరగతిలో లెక్కల్లో నాకు ముప్పై ఆరు వస్తే బాపు ఊరంతా లడ్డూలు పంచాడు. నా జన్మలో మొదటి ఫస్ట్ క్లాస్ ఇదే. ఉత్తరం చదివిన పూట జావ ఇంకో గిన్నె అడిగి తాగాను. రేఖ "ఏందయ్యా, గింత హుషారున్నవ్?" అంటే, చెల్లె రాసిందని సైగ చేశాను.

నిన్న దవాఖానకు వెళ్ళి రేడియేషన్ మాస్కుకు కొలత ఇచ్చి వచ్చాను. జల్లెడలాగా బొక్కలున్న ప్లాస్టిక్ రేకును వేడినీళ్ళలో మెత్తబరిచి మొహం మీద పరిచి అదుముతారు. ఆరిన తర్వాత తీస్తే అచ్చం నా మొహమే. ఎడమ పక్క గుంటతో సహా వచ్చింది. దాని మీద మార్కర్‌తో "మల్లేశ్వర్" అని రాసి అలమరాలో పెట్టారు. అందులో ఇంకా చాలామంది మొహాలున్నాయి.

హాల్లో జనం బాగానే ఉన్నారు. మనవైపు వాళ్ళు కూడా ఉన్నారు.

సోమవారం నుంచి మొదలు. ఆరు వారాలు, శని ఆదివారాలు సెలవు, సర్కారు నౌకరీ లాగే. రేఖను రావద్దన్నాను. దుకాణం ఎవరు చూస్తారు? బస్సులో నేనే పోయి వస్తాను. సరే, ఉంటాను.

అన్న

*

విశాఖపట్నం,
మార్చి 26

అన్నా,

ఫస్ట్ క్లాస్ వచ్చిన విద్యార్థికి శుభాకాంక్షలు. బావగారికి చదివి వినిపిస్తే పడీపడీ నవ్వారు. నాకెందుకో ఆయన నవ్వినంతగా నవ్వు రాలేదు. అరవై గురించి నీకు ఇంకోసారి తీరిగ్గా రాయాలి. ఇప్పుడు ఆడిట్ నడుస్తోంది.

రెండో వారంలో పడ్డావు కదా. ఇప్పటినుంచి నోరు మండుతుంది. ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్ళతో రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించు. కారం, పులుపు జోలికి పోకు. గొంతు దిగడం కష్టమైతే ముక్కు గొట్టం పెడతారు, దానికి నామోషీ పడకు. మధ్యలో ఒక్కరోజు కూడా మానకూడదు. ఎంత నీరసంగా ఉన్నా వెళ్ళు. మొన్న మీ ఊళ్ళో బస్సుల బంద్ అని వార్తల్లో చూసి కంగారు పడ్డాను, ఆటో మాట్లాడుకుని వెళ్ళావనుకుంటాను.

సరుకు సంగతి అడిగాను. నువ్వు రాయలేదు.

అరుణ

*

శంషాబాద్,
ఏప్రిల్ 10

అరుణా,

పండుగ బాగా జరిగింది. మీకూ బాగా జరిగిందని తలుస్తాను. పరీక్షలు అయిపోయి మనీషా ఇంట్లోనే ఉంది, దర్వాజాలకు తోరణాలు అదే కట్టింది.

నాలుగో వారం నడుస్తోంది. అలవాటైపోయింది. వెళ్ళడం, మాస్కు బిగించుకుని బల్ల మీద పడుకోవడం, మిషన్ గుయ్యిమంటూ చుట్టూ తిరగడం, లేచి రావడం. అక్కడివాళ్ళు నన్ను చూసి "ఈయనలాగా ఉండాలె" అని మిగతావాళ్ళకు చెబుతున్నారు. నాకేం ఇబ్బంది లేదు. నువ్వు అనవసరంగా పరేషాన్ కాకు.

నువ్వు భయపెట్టినట్టు తిండికి కూడా లోటేమీ రాలేదు. నిన్న ఉగాది పచ్చడి రెండు గ్లాసులు తాగాను. మనవైపు పచ్చడి నీళ్ళలాగా పల్చగా చేయడం ఎంత మంచిదో ఇప్పుడు తెలిసింది, నమిలే పని లేదు. రేఖ ఈసారి చింతపండు ఎక్కువేసింది, బెల్లం పొదుపు చేసింది. వేపపువ్వు చేదు గొంతు దాకా తగిలింది. మామిడికాయ మాత్రం లేతది, మంచి వగరు. బెల్లం తక్కువైందని సైగ చేస్తే మీ వదిన, "సగం నోరు పోయినా వంకలు వెట్టుడు పోలే" అంది. మనీషా పొట్ట పట్టుకుని నవ్వింది.

ఈ ఊపు చూస్తే నా అరవై ఇంకో నాలుగు మార్కులు పెరిగేలా ఉంది. మీ కంప్యూటర్‌ను అడిగి చూడు.

అన్న

*

విశాఖపట్నం,
ఏప్రిల్ 15

అన్నా,

ఇది ఎవరూ లేనప్పుడు చదువు.

నాలుగో వారం రేడియేషన్‌లో ఉన్నవాడికి ఉగాది పచ్చడి రుచి తెలియదు. అప్పటికి నాలుక చచ్చిపోతుంది. బెల్లం పెట్టినా బొగ్గు పెట్టినా ఒకటే. పులుపు చుక్క తగిలితే నోరంతా నిప్పు పోసినట్టు ఉంటుంది. నేను ఫోన్ చేసే ఇళ్ళలో సగం మంది చెప్పేది అదే. నీకు చేదు విడిగా, వగరు విడిగా, బెల్లం తగ్గడం విడిగా తెలిశాయి. పైగా రెండు గ్లాసులు.

నువ్వు అబద్ధం రాస్తావని అనుకోవడం ఇష్టం లేక రెండు రోజులు ఊరుకున్నాను. తర్వాత మీ దవాఖానకు ఫోన్ చేశాను. అక్కడి అమ్మాయి ఫైలు తీసి, "ఆయన విశాఖలో వాళ్ళ చెల్లెలి దగ్గర చేయించుకుంటానని రాసిచ్చి వెళ్ళారు కదండీ" అంది. ఆ చెల్లెల్ని నేనేనని ఆమెకు చెప్పలేకపోయాను. థాంక్స్ చెప్పి పెట్టేశాను.

ఒక్కరోజు కూడా వెళ్ళలేదు నువ్వు. ఆపరేషన్ అయిన ఆరు వారాల లోపు మొదలుపెట్టాల్సింది.

ఇక నా సంగతి. నిన్ను తిట్టే ముఖం నాకు లేదు. నేను రాసిన అరవై, రేడియేషన్ పూర్తిగా చేయించుకున్న వంద మందిలో అరవై. చేయించుకోనివాళ్ళది ఆ పక్క వరుసలోనే కనిపిస్తోంది. ముప్పై అయిదు. ఆ రోజు అది కూడా చూశాను. రాయబోయి ఆగాను. నువ్వు అద్దం తీయించావని చదివిన చేత్తో ఆ అంకె వేయలేకపోయాను. ఎలాగూ వెళ్తాడు కదా, ఇంకో అంకె ఎందుకులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నువ్వు ఫస్ట్ క్లాస్ అని సంబరపడినప్పుడైనా చెప్పాల్సింది. ఆడిట్ అని రాశాను. ఆడిట్ ఏమీ లేదు. ముక్కూమొహం తెలియనివాళ్ళకు రోజూ రెండు అంకెలూ చెప్పేదాన్ని, సొంత అన్నకు ఒకటి దాచాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నువ్వు ఆ అరవైని చూసి పాసైపోయానని మానేశావా? లేక ఇంకేమైనా ఉందా? రోజూ వదిన కట్టిచ్చిన జావ సీసా పట్టుకుని ఎక్కడికి పోతున్నావు?

అరుణ

*

శంషాబాద్,
ఏప్రిల్ 19

అరుణా,

నీ ఉత్తరం దుకాణం వెనక నిలబడి చదివాను. పచ్చడి దగ్గర పట్టుకుంటావని అనుకోలేదు. రుచిగా రాస్తే నమ్ముతావనుకున్నాను.

అరవై ఉంది కదా అన్న ధీమా కొంత నిజమే. కానీ అది సాకు మాత్రమే. మాస్కు కొలత ఇచ్చిన రోజు హాల్లో మనవైపు వాళ్ళున్నారని రాశాను చూడు. వాళ్ళు కాదు, ఒక్కడే. పేరు శ్రావణ్‌కుమార్. ఎయిర్‌పోర్టు టాక్సీ నడుపుతాడు. ముప్పై కూడా నిండలేదు. దవడకు కట్టు ఉంది, మెడ మీద నా మెడ మీద ఉన్నట్టే కుట్ల గీత. పక్కన వాళ్ళమ్మ కూర్చుని తువాలుతో వాడి చొంగ తుడుస్తోంది.

ఆ పిల్లవాడు మొదట్లో నా దగ్గర చాయ్ మాత్రమే తాగేవాడు. ఒకరోజు కళ్ళు మూతలు పడుతున్నాయని, అయినా ఇంకో ట్రిప్పు ఉందని అంటే, "గిది వేస్కో తమ్మీ, నిద్ర దగ్గరికి రాదు" అని నేనే పొట్లం చింపి వాడి అరచేతిలో పోశాను. మొదటి పొట్లం ఊరికే ఇచ్చాను. కొత్తవాడికి మొదటిది ఊరికే ఇవ్వడం మా దుకాణాల వాళ్ళ పద్ధతి. రెండోదానికి వాడే వస్తాడు. వచ్చాడు కూడా. నాలుగైదేళ్ళు వచ్చాడు.

వాడు తలెత్తకముందే నేను బయటికి వచ్చేశాను. నాకు జబ్బు వచ్చిందంటే అర్థముంది, తిన్నాను, అనుభవిస్తున్నాను. వాడి పక్క కుర్చీలో నేను పేషంట్‌లాగా ఎట్లా కూర్చోను? వాళ్ళమ్మ నన్ను కూడా అయ్యో పాపం అని చూస్తే ఆ చూపు ఎట్లా తీసుకోను? ఆ రోజే నీ పేరు వాడుకుని కాగితం రాసిచ్చాను.

రోజూ బస్సెక్కి ఆరాంఘర్‌లో దిగుతాను. దవాఖానకు పోవాలంటే అక్కడ ఇంకో బస్సు ఎక్కాలి. అది వస్తుంది, పోతుంది. నేను రాజేంద్రనగర్ వైపు నడిచి, వ్యవసాయ యూనివర్సిటీ గోడ నీడన కూర్చుంటాను. మొహానికి తువాలు కట్టుకుని ఉంటాను కాబట్టి ఎవరూ పలకరించరు. సాయంత్రం ఇంటికి వచ్చి అలసిపోయినట్టు పడుకుంటాను. రేఖ కాళ్ళు ఒత్తుతుంది. నిన్ను మోసం చేసినదానికంటే ఆ కాళ్ళు ఒత్తించుకున్నదానికి ఎక్కువ సిగ్గుగా ఉంది.

ఇప్పుడు ఏం చేయమంటావు?

మల్లేశ్వర్

*

విశాఖపట్నం,
ఏప్రిల్ 23

అన్నా,

ఏం చేయాలో నీకు తెలుసు. అయినా అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఈ ఉత్తరం అందిన మర్నాడే దవాఖానకు వెళ్ళు. డాక్టరుతో మాట్లాడాను. బాగా ఆలస్యమైందని కోప్పడ్డారు. జబ్బు తిరిగి రాలేదని ఒకసారి స్కాన్ చేసి చూసుకుని, కొత్త మాస్కు చేసి వెంటనే మొదలుపెడతామన్నారు. ఇంకొక్క రోజు కూడా పోగొట్టవద్దన్నారు.

నీ అంకె ఎంత అని అడుగుతావు. అరవై పోయిందన్నా. ముప్పై అయిదు కంటే మెరుగే, ఎంత మెరుగో నాకు తెలియదు. ఇంత ఆలస్యంగా వచ్చినవాళ్ళు మా లెక్కలో పట్టుమని పదిమంది లేరు. ఊహించి ఒక అంకె రాయగలను కానీ రాయను. నీ దగ్గర సగం నిజం రాసే తప్పు ఒకసారి చేశాను, చాలు.

శ్రావణ్ సంగతి చదివాను. మా ఫైళ్ళలో "అలవాటు" అని ఒక గడి ఉంటుంది. ఏం తిన్నాడు, ఎన్నేళ్ళు తిన్నాడు. మొదటిది ఎవరిచ్చారు అన్న గడి లేదు. ఉంటే శ్రావణ్ ఫైల్లో నీ పేరుండేది, నీ పేరు పక్కన నాది కూడా ఉండాలి. నన్ను ఎమ్మెస్సీ చదివించింది ఆ దుకాణమే. ఇక్కడ నా సీటు వెనక గోడ మీద పొగాకు మానండి అని పెద్ద పోస్టరుంది. ఇన్నేళ్ళుగా దానికి వీపు పెట్టి కూర్చున్నాను. మా అన్న ఏం చేస్తారని ఎవరైనా అడిగితే ఎయిర్‌పోర్టు దగ్గర వ్యాపారం అని చెబుతున్నాను.

నువ్వు హాల్లోకి పోకుండా గోడ నీడన కూర్చుంటే శ్రావణ్‌కు ఒరిగేదేమిటి? వాడి నోటి పుండు ఒక్కటైనా మానుతుందా? నీ సిగ్గు నీకు పెద్దదిగా కనిపిస్తోంది. వాడి జబ్బు అంతకంటే పెద్దది. నువ్వు చచ్చిపోతే ఆ లెక్క తీరిపోదు, మనీషాకు తండ్రి లేకుండా పోతాడు, అంతే.

వదినకు నేను చెప్పను. నువ్వే చెప్పు. దుకాణంలో సరుకు ఉందా లేదా, ఇది మూడోసారి అడగడం.

నీ అరుణ

*

శంషాబాద్,
మే 7

అరుణా,

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే రేఖకు చెప్పాను. నోటితో చెప్పడం మొదలుపెట్టి, మాట తిరగక కాగితం మీద రాసి ఇచ్చాను. చదివి నా మొహం మీద కొట్టలేదు కానీ రెండు రోజులు జావ గిన్నె ముందు పెట్టి పక్కకు పోయింది. మూడో రోజు పొద్దున చూస్తే చీర మార్చుకుని దుకాణానికి తాళం వేసి నిలబడింది. "నడువు, నేనొస్త" అంది. స్కాన్‌లో కొత్తగా ఏమీ కనిపించలేదన్నారు. పాత మాస్కు మొహానికి సరిపోలేదు, కొత్తది చేశారు. మొన్న గురువారం నుంచి మొదలైంది. అబద్ధం కాదు, కావాలంటే ఫోన్ చేసి కనుక్కో. నువ్వు కనుక్కుంటావని కూడా తెలుసు.

శుక్రవారం నుంచి ఒక్కణ్నే పోతున్నాను. ఇవాళ శ్రావణ్ కనిపించాడు. వాడికి ఇంకో వారం ఉందట. చిక్కి సగమయ్యాడు. ముక్కులో గొట్టం, పెదవుల నిండా పుండ్లు. ముందు వరుసలో ఖాళీగా ఉన్నది వాడి పక్క కుర్చీయే. పోయి కూర్చున్నాను.

వాడు నన్ను గుర్తుపట్టలేదు అరుణా! ఇన్ని రోజులు నేను ఎవరి నుంచి దాక్కున్నానో వాడికి నా మొహమే తెలియలేదు. దవడ లేదు, మీసం లేదు, ఇంతలావు మనిషిని ఇంత అయ్యాను. వాడు నొప్పిని ఓర్చుకుంటూ, ఒక్కో మాటా కూడదీసుకుని, "ఏ ఊరన్నా మీది?" అని అడిగాడు. పక్క పేషంట్ కదా అని మర్యాదకు అడిగాడు.

అట్లాగే ఉండిపోవచ్చు. మహేశ్వరం అని రాసి చూపిస్తే సరిపోయేది. నిజం చెబుతున్నాను, ఆ అక్షరాలు రాయడం మొదలుపెట్టాను కూడా. కొట్టేసి, "శంషాబాద్. టాక్సీ అడ్డా పక్క దుకాణం. మల్లేశ్" అని రాసి కాగితం వాడి ఒళ్ళో పెట్టాను.

వాడు చదివి నా వైపు తిరిగి చూశాడు. తిడతాడనుకున్నాను. కాలర్ పట్టుకుంటాడనుకున్నాను, పట్టుకుంటే బాగుండుననుకున్నాను. వాడు నా చేయి పట్టుకున్నాడు. "మల్లన్నా, నువ్వేనా? గింత పరేషాన్ అయినవా? నేను బండి దిగి నాలుగు నెలలాయె, నాకు ఎవ్వలూ చెప్పలే" అన్నాడు. అవతలి పక్క కూర్చున్న వాళ్ళమ్మ ఆ కాగితం తీసుకుని కూడబలుక్కుని చదివింది. "నీదేనా అయ్యా ఆ దుకాణం?" అంది. తల ఊపాను. ఆమె సంచి తీసుకుని లేచి, వెనక వరుసలోకి పోయి కూర్చుంది. ఆమె చేసిందే నాకు సబబుగా అనిపించింది.

శ్రావణ్ అమ్మ వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగాడు. "ఇప్పుడైతే అమ్ముతలేరు గద అన్నా?" అని అడిగాడు.

నువ్వు మూడుసార్లు అడిగావు, నేను ఇన్నాళ్ళూ దాటేస్తూ వచ్చాను. వాడు ఒక్కసారి అడిగాడు. అమ్ముతూనే ఉన్నాం అరుణా. బిస్కెట్ డబ్బాల వెనక పెట్టి రేఖ అమ్ముతూనే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను. చాయ్ మీద, నీళ్ళ సీసాల మీద ఇల్లు గడవదని ఇద్దరం నోరు మూసుకున్నాం. వాడు నా మొహంలోకి చూస్తుంటే నేను లేదని తల అడ్డంగా ఊపాను. "మంచి పని జేసినవ్ అన్నా" అని నా చేయి నొక్కాడు. ఈలోపు నన్ను లోపలికి పిలిచారు. మాస్కు బిగించారు. ఆ మాస్కులో ఏడవడానికి కూడా వీలు కాదు, కదలొద్దంటారు.

ఇంటికి వచ్చేసరికి రేఖ ఒక కొత్త పిల్లవాడికి పొట్లం అందిస్తోంది. నేను పోయి వాడి చేతిలోంచి లాక్కున్నాను. వాడు బెదిరిపోయాడు. రేఖకు హాల్లో జరిగింది రాసి చూపించాను. ఆమె చదివి, నేను ఎప్పుడూ చూడనంత కోపంగా లేచింది. "నేనేమన్న సంబురంగ అమ్ముతున్ననా? నీ ఆపరేషన్ అయినంక మూడో నాడే దుకాణం తెరిచిన. ఆడ నువ్వు గొట్టంతోని పాలు తాగుతున్నవ్, ఈడ నేను గివే పొట్లాలు ఇస్తున్న. నా పానం ఎట్లుండెనో ఒక్కనాడన్న అడిగినవా?" అంది. అడగలేదు. ఆమెకూ సిగ్గుందని నాకు ఇన్నాళ్ళూ తట్టనే లేదు.

తర్వాత ఆమే డబ్బాల వెనక నుంచి పొట్లాల దండలన్నీ లాగి కింద పడేసింది. బకెట్ నీళ్ళు తెచ్చి ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే చింపి పోశాం. అడ్డా మీది డ్రైవర్లు చుట్టూ చేరారు. ఒకడు "ఇగ మేమెటు పోవాలె అన్నా?" అన్నాడు. రోడ్డవతలి దుకాణంలో దొరుకుతుందని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. అవతలివాడు నవ్వుతూ చూస్తున్నాడు. రేపటినుంచి ఇల్లు ఎట్లా గడుస్తుందో ఇంకా ఆలోచించలేదు. రేఖ మిర్చి బజ్జీలు వేస్తానంటోంది.

నా అంకె తెలియదని రాశావు చూడు, ఆ మాట నమ్మాను. అరవైని కూడా ఇంతగా నమ్మలేదు. ఎంత ఉంటే అంత. రోజూ పోతాను.

ఒక్కటే మిగిలింది. శ్రావణ్‌కు నేను లేదన్నప్పుడు సరుకు డబ్బాల వెనకే ఉంది. సాయంత్రానికి లేదన్న మాట నిజమైంది కదా, ఇంకేం చెప్పాలి అని ఒక మనసు అంటోంది. ఆ మనసు మాట విని విని ఇక్కడి దాకా వచ్చాను. కాగితం ఇప్పుడే రాసి జేబులో పెట్టుకున్నాను: "తమ్మీ, నువ్వు అడిగినప్పుడు అమ్ముతున్నం. అబద్ధం చెప్పిన. నిన్న సాయంత్రం బంద్ చేసినం." రేపు పొద్దున వాడికి ఇస్తాను. ఇచ్చాక వాడు కూడా లేచి వాళ్ళమ్మ దగ్గరికి పోతాడేమో. పోతే పోనీ. నేను మాత్రం ఆ కుర్చీలోనే కూర్చుంటాను, తువాలు లేకుండా.

మీ అన్న,
మల్లేశ్వర్